మా గరాజులో ముప్ఫై ఏళ్ళ కారు

ఈ ఏడాది సావనీర్‌కి ఏదైనా రాసివ్వమని మన బడి టీచర్లు అడిగినప్పుడు మామిడికాయ పప్పు గురించో, ఇండియా ప్రయాణం గురించో రాద్దామనుకున్నాం. మా అమ్మాయి ససేమిరా అంది. "పార్కింగ్ లాట్‌లో అందరూ అడిగేది ఎర్ర కారు గురించి. పప్పు గురించి ఎవరడిగారు?" అంది. నిజమే. ఆదివారం బడికి మేము నలుగురం రెండు కార్లలో రావడం, అందులో ఒకదానికి వెనక సీటే లేకపోవడం మీరందరూ చూసే ఉంటారు. "కొత్తదా?" అని కొందరు, "ఎంతైంది?" అని కొందరు, "ఎందుకండీ ఇంత శ్రమ?" అని ఇంకొందరు అడిగారు. మొదటిదానికి జవాబు సులువు. కొత్తది కాదు, 1992 నాటిది. మిగతా రెండింటికీ జవాబు కాస్త పెద్దది.

ముందే ఒక మాట. మా ఇంట్లో ఇద్దరమూ కంప్యూటర్ల ముందు కూర్చుని బతికేవాళ్ళమే. 2023కి ముందు కారుకి మేము సొంతంగా చేసిన రిపేరు వైపర్లు మార్చడం ఒక్కటే. కాబట్టి ఇందులో మేము చేసిన తప్పులు కూడా ఉన్నాయి. దయచేసి వాటినీ చదవండి, అవే ఎక్కువ ఉపయోగం.

ఆ కారు పేరు మజ్దా మియాటా. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మొదటిసారి చూపించారు. 1960లలో ఇంగ్లండులో లోటస్ ఎలాన్ లాంటి చిన్న, తేలికైన, టాపు తీసేసే కార్లు ఉండేవి. నడపడానికి ఎంతో సరదా, కానీ ఆయిలు కారడానికీ మొరాయించడానికీ పేరుపడ్డాయి. ఆ సరదా ఉంచి ఆ బాధ తీసేస్తే ఎలా ఉంటుందన్నదే మియాటా వెనక ఆలోచన. మాది 1.6 లీటర్ల ఇంజను, 116 హార్స్ పవర్. ఈ రోజుల లెక్కలో అదేమీ పెద్ద బలం కాదు. కానీ బండి బరువు సుమారు వెయ్యి కిలోలే, మన మినీవాన్‌లో దాదాపు సగం. ముందు దీపాలు కప్ప కళ్ళలా పైకి లేస్తాయి. మా అబ్బాయి ఓటు దానికే పడింది.

పాత స్పోర్ట్స్ కారు కావాలంటే పోర్షా ఎందుకు కాదు, జాగ్వార్ ఎందుకు కాదు అని మా మిత్రులొకరు అడిగారు. అవి కూడా పాడైన స్థితిలో చవగ్గానే దొరుకుతాయి. కానీ కారు ఎంత చవకైనా దాని విడిభాగాల ధర చవక కాదు. తక్కువ డబ్బుతో చేయాలనుకునేవాళ్ళు చూడాల్సింది కారు ధర కాదు, దాని బ్రేకు ప్యాడు ధర, నీళ్ళ పంపు ధర. మొదటి తరం మియాటాలు 1997 దాకా 4 లక్షలకు పైగా తయారయ్యాయి. 2016 నాటికి అన్ని తరాలూ కలిపి 10 లక్షల కార్లు పూర్తయ్యాయి. అంత మంది కొన్న బండి కాబట్టి విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. ప్రతి బోల్టు గురించీ రాసిన రిపేరు మాన్యువల్ ఉంది, మా కౌంటీ లైబ్రరీలో ఉచితం.

2023 మార్చిలో 2,800 డాలర్లకు కొన్నాం. ఇంజను తిరుగుతుంది, క్లచ్ పనిచేయదు, టాపు చిరిగింది, ఎరుపు వెలిసి గులాబీ అయింది. ఇంట్లో ఒప్పందం ఏమిటంటే, అన్నీ కలిపి 5,000 డాలర్లు. దాటితే అమ్మేయాలి. ఫ్రిజ్ మీద కాగితం అంటించి, కొన్న ప్రతి వస్తువూ దాని మీద రాశాం.

ఏప్రిల్‌లో పిల్లల తాతయ్య ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళకు పైగా లారీలు బాగు చేశారు. మియాటాను ఆయన ఎప్పుడూ చూడలేదు. జెట్ లాగ్ తీరకముందే గరాజులో కుర్చీ వేయించుకుని, "ఇది లారీకి పుట్టిన పిల్లలా ఉందే" అన్నారు. మేము అప్పటికి కొత్త స్టీరింగ్ కవరూ, క్రోము అద్దాలూ చూస్తున్నాం. అవన్నీ పక్కన పెట్టమన్నారు. "బండి ముందు ఆగాలి. తర్వాత నడవాలి. మెరవడం ఆఖర్న" అన్నారు. ఆ వరసలోనే చేశాం. కానీ ఆ మూడింటికంటే ముందు ఇంకొకటి బయటపడింది.

మూడో రోజు ఆయన స్క్రూ డ్రైవర్ పిడితో కారు చుట్టూ తట్టుకుంటూ వస్తున్నారు. తలుపు కింద గడపలా ఒక పొడుగాటి భాగం ఉంటుంది. ఇక్కడివాళ్ళు రాకర్ ప్యానెల్ అంటారు, మేము మాత్రం గడపే అంటున్నాం. దాని మీద తడుతుంటే టంగు టంగుమని మోగుతూ వచ్చింది. వెనక చక్రం దగ్గరకు వచ్చేసరికి థప్ అంది. ఇంకోసారి తట్టారు, మళ్ళీ థప్. "అయస్కాంతం తెండి" అన్నారు. ఫ్రిజ్ మీది తిరుపతి బొమ్మ తెచ్చి పెడితే ముందు భాగంలో అతుక్కుంది, వెనక భాగంలో జారి కింద పడింది. అంటే అక్కడ ఉన్నది ఇనుము కాదు, పుట్టీ. ఎవరో తుప్పు పట్టిన చోట పుట్టీ పూసి, పైన రంగు కొట్టి, మాకు అమ్మారు. పుట్టీ గీకేస్తే మా అబ్బాయి పిడికిలి పట్టేంత కంత! రెండో పక్కా అంతే.

పిల్లలూ, తుప్పు అంటే ఏమిటో మీకు సైన్సులో చెప్పే ఉంటారు. ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిస్తే తుప్పు. ఉప్పు ఉంటే అది ఇంకా తొందరగా పడుతుంది, ఎందుకంటే ఉప్పునీటిలో విద్యుత్తు బాగా పారుతుంది. మా ఒహాయోలో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అయితే ఈ కారు విషయంలో ఉప్పు ఒక్కటే కాదు. గుడ్డ టాపు మీద పడిన వాన నీళ్ళు సీట్ల వెనక రెండు పక్కలా ఉన్న గొట్టాల్లోంచి దిగి, వెనక చక్రాల ముందు నేల మీదకు పోవాలి. ఆ గొట్టాలు ఆకులతో మూసుకుపోతే నీళ్ళు గడప లోపలికి చేరి అక్కడే నిలుస్తాయి. తుప్పు లోపల మొదలై బయటకు వస్తుంది. బయట చిన్న బుడగ కనపడేసరికి లోపల పని అయిపోయి ఉంటుంది. గడ్డి కత్తిరించే ట్రిమ్మర్ నైలాన్ తాడు ఆ గొట్టాల్లోకి దూర్చితే గుప్పెడు కుళ్ళిన మేపుల్ ఆకులు వచ్చాయి.

ఒక బాడీ షాపులో అడిగితే రెండు పక్కలకూ 3,400 డాలర్లన్నారు. కారు కొన్నది 2,800కి! ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గర నలుగురమూ, తాతయ్యా కూర్చున్నాం. మూడు దారులు కనిపించాయి. విడగొట్టి భాగాలు అమ్ముకోవడం ఒకటి. మళ్ళీ పుట్టీ పూసి నడుపుకోవడమో, ఇంకొకరికి అమ్మేయడమో రెండోది. సరిగ్గా బాగు చేయించడం మూడోది. నిజం చెప్పొద్దూ, రెండోదాని గురించి మేము కాసేపు ఆలోచించాం. తాతయ్య గట్టిగా ఏమీ అనలేదు. పిల్లల బూట్ల డబ్బా ఒకటి తెప్పించి, "మూత పెట్టి మెలితిప్పు" అని మా అబ్బాయికిచ్చారు. తిరగలేదు. "మూత తీసి తిప్పు" అన్నారు. చెయ్యి కదిపితే చాలు, మెలి తిరిగిపోయింది.

మామూలు కారుకి పైకప్పు మూతలాంటిది. టాపు లేని కారుకి ఆ బలమంతా నేల నుంచీ, రెండు గడపల నుంచీ రావాలి. పక్క నుంచి ఎవరైనా గుద్దినా ముందు అడ్డం నిలిచేది ఆ గడపే. అక్కడ పుట్టీ ఉంటే కాగితం ఉన్నట్టే. "అమ్మితే ఎవరి పిల్లలో ఎక్కుతారు" అన్నారు తాతయ్య. ఇక ఆ దారి గురించి మాట్లాడలేదు.

మా వీధి చివర ఉండే ఒక రిటైరైన వెల్డరుగారు దారి చూపించారు. పనిలో ఎక్కువ ఖర్చు వెల్డింగుది కాదట, దాని ముందూ వెనకా ఉండే సిద్ధం చేసే పనిది. సీట్లు, కార్పెట్ తీయడం, కుళ్ళిన రేకు మంచి ఇనుము కనపడేదాకా కోయడం, రంగు గీకడం మేము చేసుకుంటే, అతకడానికి ఆయన 600 డాలర్లు తీసుకుంటానన్నారు. గడప ఆకారంలో వంచిన కొత్త రేకులు రెండూ కలిపి 160. మా అదృష్టం కొద్దీ లోపలి రేకు గట్టిగానే ఉంది. కోసే ముందు తలుపు చుట్టూ ఉన్న సందును నాలుగు చోట్ల కొలిచి రాసుకున్నాం. ఒక పక్క పూర్తయ్యాక రెండో పక్క కోశాం. రెండూ ఒకేసారి కోస్తే బండి నడుము వంగి, ఆ తర్వాత తలుపులు పడవు. బ్యాటరీ తీసేశాం, పెట్రోలు గొట్టాలు ఎక్కడున్నాయో చూసుకున్నాం, నిప్పు ఆర్పే సిలిండరు చేతికందేలా పెట్టుకున్నాం. అతికిన తర్వాత సందులు మళ్ళీ కొలిస్తే తేడా రాలేదు. గడప లోపల మైనం స్ప్రే కొట్టి, నీళ్ళు దిగే గొట్టాలు ఇంకోసారి శుభ్రం చేశాం. దీనికే జూన్ అయిపోయింది. తాతయ్య తిరుగు ప్రయాణం అక్టోబరు రెండో వారం.

తర్వాత బ్రేకులు. ఇక్కడ చదివేవాళ్ళందరికీ ఒక్క విన్నపం. ఉత్త జాకీ మీద ఉన్న కారు కిందకు తల కూడా పెట్టకండి. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. గట్టి సిమెంటు నేల మీద స్టాండ్లు పెట్టి, నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనకా చెక్కలు వేసి, బండిని చేత్తో ఊపి చూసి అప్పుడే పని మొదలుపెట్టాలి. మా ఇంట్లో పిల్లలకు గరాజులో అడుగుపెట్టే ముందు ఇది అప్పజెప్పాల్సిన పాఠం.

ముందు చక్రాల బ్రేకులు మధ్యాహ్నానికి అయిపోయాయి. వెనకవి రాలేదు. కొత్త ప్యాడ్లు పట్టాలంటే లోపలి పిస్టన్ వెనక్కి పోవాలి. ముందు చక్రాలకు చేసినట్టే సీ-క్లాంపు పెట్టి బిగించాం. కదలలేదు. ఇంకా బిగించబోతుంటే తాతయ్య చెయ్యి పట్టుకున్నారు. "అంత బలం కావాలంటే మనకు తెలియనిది ఏదో ఉంది. పుస్తకం చూడు" అన్నారు. చూస్తే నిజంగానే, ఈ కారు వెనక బ్రేకులో హ్యాండ్ బ్రేకు యంత్రం కూడా ఉంది. వెనక ఒక చిన్న బోల్టు తీస్తే లోపల మర కనిపిస్తుంది. 4 మిల్లీమీటర్ల అలెన్ కీతో తిప్పితే పిస్టన్ దానంతటదే వెనక్కి వెళ్తుంది. ఇంకో రెండు చుట్లు క్లాంపు బిగించి ఉంటే రెండు కొత్త క్యాలిపర్లు కొనాల్సి వచ్చేది.

పట్టేసిన బోల్టులకు చుట్టుపక్కల బోలెడు మందులు అమ్ముతారు. తీసేసిన తుప్పు బోల్టులను మాత్రం మేము వంటింటి వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టాం. పొద్దున్నకు తుప్పు కరిగి బురదలా కిందకు చేరింది. చింతపండుతో ఇత్తడి చెంబు తోమితే మెరిసేదీ ఈ కారణంగానే. పులుపు లోహం మీది పొరను కరిగిస్తుంది. తర్వాత వంట సోడా నీళ్ళలో కడిగి, ఆరబెట్టి, నూనె రాయకపోతే గంటలో మళ్ళీ ఎర్రబడతాయి. బ్రేకు బోల్టులను మాత్రం ఇలా వాడలేదు, కొత్తవే వేశాం.

బ్రేకు ఆయిలు డికాషన్ రంగులో ఉంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిలు బ్రేకు వేడికి తొందరగా మరిగి ఆవిరి అవుతుంది. ఆవిరి నొక్కితే నొక్కుకుపోతుంది కాబట్టి కాలు కింద పెడలు మెత్తగా దిగిపోతుంది, బండి ఆగదు. పాతది తీసి కొత్తది పోసి గొట్టాల్లోని గాలి తీయాలంటే ఇద్దరు కావాలి. పెడలు మీద ఒకరు, చక్రం దగ్గర ఒకరు. పెడలు పని మా అమ్మాయిది. "నొక్కు, పట్టుకో, వదులు" అని తాతయ్య అరుస్తుంటే, ఒకసారి "వదలకు" అన్నది "వదులు" అని వినపడి వదిలేసింది. బుస్సుమని గాలి లోపలికి పోయింది, ఆ చక్రం మొత్తం మళ్ళీ మొదట్నుంచీ! మన తెలుగులో ఒక్క అక్షరానికి ఎంత విలువో ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత గోడ మీద చార్టు రాసి పెట్టింది. పానా, పట్టకారు, ఆకురాయి, సుత్తి, మర, శీల. ఈ మాటలు మన బడి పుస్తకాల్లో లేవు, వచ్చే ఏడాది చేర్చాలని టీచర్లకు మనవి.

టైర్ల సంగతి పిల్లలకు పొడుపుకథలా ఉంటుంది. టైరు పక్కన డాట్ అన్న అక్షరాల తర్వాత వరస చివర నాలుగు అంకెలు ఉంటాయి. మా టైర్ల మీద 2209 అని ఉంది. 2009లో 22వ వారం తయారయ్యాయన్నమాట. అరుగుదల లేకుండా కొత్తవాటిలా ఉన్నా, పద్నాలుగేళ్ళ రబ్బరు ఎండి బీటలు వారి ఉంటుంది. మార్చేశాం. ఇంటి ముందున్న మీ కారు టైరు మీదా ఒకసారి చూడండి.

క్లచ్ ఈ కార్లకు అలవాటైన జబ్బే. గేరు పెట్టె పక్కన ఉండే చిన్న సిలిండరులో రబ్బరు అరిగి ఆయిలు కారుతుంది. అది మార్చడం ఒక పూట పని.

టైమింగ్ బెల్టు దగ్గర మాత్రం మా పరువు పోయింది. ఇంజను లోపల పిస్టన్లు, వాల్వులు తాళం తప్పకుండా కదలడానికి పళ్ళున్న రబ్బరు బెల్టు ఒకటి ఉంటుంది. 60,000 మైళ్ళకు మార్చాలి. నీళ్ళ పంపు కూడా దాని వెనకే ఉంటుంది కాబట్టి రెండూ కలిపి మార్చాం. గుర్తులు కలిపి, బెల్టు వేసి, మూతలు బిగించి, తాళం తిప్పితే స్టార్టయింది కానీ జ్వరం వచ్చినట్టు వణికింది. విప్పి చూస్తే బెల్టు ఒక పన్ను తప్పింది. బెల్టు వేశాక ఇంజనును పానాతో చేత్తో రెండు చుట్లు తిప్పి గుర్తులు మళ్ళీ చూడమని మాన్యువల్‌లో ఉంది. ఆకలేస్తోందని ఆ మాట వదిలేశాం. ఈ ఇంజనులో బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు కాబట్టి బతికిపోయాం. చాలా ఇంజన్లలో అయితే పెద్ద తేడా వస్తే వాల్వులు వంగి మొత్తం విప్పాల్సి వచ్చేది. ఇంజను నుంచి తీసిన పచ్చటి కూలెంటు తియ్యగా ఉంటుంది, కానీ విషం. పక్కింటి కుక్క నాకకుండా ఆ పూటే డబ్బాలో పోసి మూత పెట్టి, కౌంటీవారు తీసుకునే చోట ఇచ్చి వచ్చాం.

టాపు మేమే వేశాం, ముడత ఒకటి ఉండిపోయింది. రంగు కొట్టించడానికి డబ్బు లేదు. మా కారు ఎరుపు మీద వార్నిషు పొర లేదు కాబట్టి పాలిష్ పెట్టి రుద్దితే పైన చచ్చిన రంగు గుడ్డకు అంటుకుని, కింద నుంచి అసలు ఎరుపు వచ్చింది. మా అబ్బాయి చేతులు రెండు రోజులు గోరింటాకు పెట్టుకున్నట్టున్నాయి.

ఇక "ఎంతైంది?" అన్నదానికి జవాబు. కారు 2,800. తుప్పు పని 760, టైర్లు 360, బ్రేకులు 340, టాపు 330, పనిముట్లు 280, బెల్టూ పంపూ 190, బ్యాటరీ 150, క్లచ్ 70, రబ్బరు గొట్టాలు 60, పాలిష్ 55. మొత్తం 5,395. రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు ఇందులో లేవు. మా పని గంటలకు వెల కట్టలేదు, కడితే ఈ లెక్క ఎవరికీ చూపించలేం. ఒప్పందం ప్రకారం 395 దాటింది. పనిముట్లు కారువి కావు, ఇంటివి అని వాదించాం. అయినా 115 దాటింది. ఆ వాదన ఇంకా నడుస్తోంది.

ఏసీ బాగు చేయలేదు. 1992 నాటి కార్లలో వాడిన ఆర్-12 గ్యాసు తయారీ అమెరికాలో 1995 చివరితో ఆగిపోయింది. కొత్త గ్యాసుకు మార్చాలంటే మళ్ళీ ఖర్చు. టాపు తీసి నడుపుతున్నాం. డ్రైవరు పక్క కిటికీ అద్దం పైకి రావడానికి తీరిక తీసుకుంటుంది. వానొస్తే చేత్తో సాయం పట్టాలి.

సెప్టెంబరు చివరి శనివారం తాతయ్యను ఎక్కించుకుని మొదటిసారి ఊరి బయటకు తీసుకెళ్ళాం. ఆ సీటు అంత కిందకు ఉండడంతో ఎక్కడానికి ఒకరు, దిగడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. మఫ్లరు కట్టుకుని, పదిహేను మైళ్ళు ఏమీ మాట్లాడకుండా చెవి ఒగ్గి కూర్చున్నారు. ఇంటికొచ్చాక మెచ్చుకుంటారని ఎదురు చూశాం. "ఎడమ పక్క వెనకాల ఏదో కొట్టుకుంటోంది, చూడండి" అన్నారు. రెండు రోజులు వెతికాం. డిక్కీలో జాకీ కడ్డీ వదులుగా ఉంది.

ఇప్పుడు ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో పిల్లల చదువు అడగడానికి ముందు ఆయన అడిగేది ఒకటే. "ఆ గొట్టాల్లో ఆకులు తీశారా?" మా అబ్బాయి ఫోను పట్టుకుని గరాజులోకి పరిగెత్తి, నైలాన్ తాడు దూర్చి, కింద నుంచి నీళ్ళు పడడం చూపిస్తాడు.